లక్షదీవుల ప్రాకారము

పేరున లక్ష, లెక్కకు 36. అందు మనుష్యులు కాపురముండునవి 10 మాత్రమే. అన్నింటి నేలయు కూడినను 32 చదరపు కిలోమీటర్లు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనాడు అచ్చటి ప్రజలు 64,473 మంది; మన యొక చిన్న పట్టణపు జనసంఖ్య. కొచ్చి రేవునకు పడమరగా 220 మొదలు 440 కిలోమీటర్ల దూరమున అరేబియా సముద్రములో చెదరియున్న యీ దీవులను గూర్చి మన చదువరులు భూగోళపాఠమున నొక్క పంక్తి చదివి మరచియుందురు. 2024 జనవరిలో ప్రధానమంత్రి అచ్చటికి పోయివచ్చిన పిమ్మట వాని పేరు దేశమంతట మారుమ్రోగినది. స్ఫటికమువంటి నీరు, తెల్లని యిసుక, నీటిలో మునిగి రంగురంగుల చేపలనడుమ తిరుగువారి చిత్రములు ఇంటింటికిని ప్రాకినవి. పరదేశపు దీవులకు పోనేల, మన దీవులకే పోవుదమను మాట బయలుదేరినది.

స్వదేశాభిమానముచే పుట్టిన మాట గనుక దానిని మేమును మన్నించెదము. కాని అభిమానము వేరు, అంగడి వేరు. ఒక వస్తువు మనదనుకొన్నవాడు మొదట దానిని కాపాడును, పిమ్మట చూపించును. లక్షదీవుల విషయమున ఈ వరుస తారుమారగుచున్నదేమో యని మా భయము. ఆ నీటిక్రింద నున్న పగడపు దిబ్బ ద్వీపమునకు నగ కాదు, ప్రాకారము. నగ పోయినను మనుష్యుడు బ్రదుకును. ప్రాకారము కూలినచో ఊరే లేదు. ఈ యొక్క సంగతిని చదువరుల మనస్సున నాటించుటకే యీ వ్యాసము.

పగడమనగా మనకు నవరత్నములలో నొకటి. మన స్త్రీలు మంగళసూత్రమున నల్లపూసలతో గ్రుచ్చుకొను ఎఱ్ఱని పూస. ఆ పగడము ప్రధానముగా మధ్యధరా సముద్రమున దొరకునది. దీవులను కట్టు పగడము దానికి దూరపు చుట్టము మాత్రమే. రెండును రాళ్ళుగావు, చెట్లునుగావు. గోరంతయైన మెత్తని శరీరము, ఒక నోరు, దాని చుట్టు చిన్న చిన్న చేతులు. ఇంతే ఆ జీవి. అది సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తనచుట్టు గిన్నెవంటి గూడు కట్టుకొనును. ఒకటి చనిపోగా దాని గూటిపై మరియొకటి. ఇట్లు కోట్లకొలది ప్రాణులు వేలయేండ్లు కట్టిన కట్టడమే ప్రవాళభిత్తి.

ఈ శిల్పికి ఆహారము పెట్టువారెవరు? దాని దేహములోనే కంటికి కనబడని శైవలములు, అనగా నాచుజాతి కణములు, కాపురముండును. ఎండను గ్రహించి అవి వండుకొన్న అన్నములో పెద్దపాలు పగడమునకే ముట్టును. పగడము వానికి ఇల్లును ఎరువును ఇచ్చును. పగడపు రంగులలో చాలవరకును ఈ అతిథులవే. కావుననే పగడమునకు ఎండ దిగు తేటనీరు కావలెను, వెచ్చని నీరు కావలెను, అయినను మితిమీరిన వేడి కూడదు. మన తెలుగు తీరమున గోదావరియు కృష్ణయు ఏటేట వండ్రునీటిని, మంచినీటిని సముద్రములో క్రుమ్మరించుచుండుటచేతనే అక్కడ ఇట్టి గొప్ప దిబ్బలు పెరుగలేదు. మన పొలములను పండించు బురదయే పగడమునకు ఉరి.

దీవులు పుట్టిన కథ ఇంకను విచిత్రము. 1842లో చార్లెస్ డార్విన్ ప్రవాళభిత్తులను గూర్చి గ్రంథము వ్రాయుచు, సముద్రములోని అగ్నిపర్వతము మెల్లమెల్లగా క్రుంగిపోవుచుండగా దాని యంచున పెరిగిన పగడము మాత్రము పైకి పెరుగుచునే యుండుననియు, కొండ మునిగిన పిదప వలయము మిగులుననియు చెప్పెను. తరువాతి పరిశోధనలు ఆ యూహకు బలము చేకూర్చినవి. లక్షదీవుల క్రింద నున్న పర్వతపంక్తిని పుట్టించిన భూగర్భపు వేడియే అంతకుముందు, సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట, దక్కను పీఠభూమిపై లావాను వెదజల్లినదని భూశాస్త్రజ్ఞుల నిర్ణయము. మన వికారాబాదు ప్రాంతపు నల్లరాతికిని ఆ సముద్రగర్భపు కొండలకును పుట్టిల్లొకటియే. పరిపాలనలోను కొంత చుట్టరికమున్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడువరకు మన సర్కారు జిల్లాలును ఆ దీవులును ఒకే మద్రాసు ప్రభుత్వము క్రింద నుండెను. 1956 నవంబరు 1వ తేదీన అవి కేంద్రపాలిత ప్రాంతమైనవి.

ఇక ద్వీపము నిలుచు తీరు చూడుడు. బయట లోతైన సముద్రము. అంచున పగడపు గోడ. దాని లోపల లోతులేని తేటనీటి మడుగు. మడుగు ప్రక్కన కొద్ది మీటర్లకు మించి లేవని యిసుకనేల, అదియే ఊరు. వర్షకాలమున కొండలవలె లేచివచ్చు అలలు గోడను తాకి విరిగి, తమ బలములో పెద్దపాలు అక్కడనే కోలుపోయి, మడుగున చిన్న తరగలై గట్టునకు చేరును. గోడ లేనిచో ఆ దెబ్బ గుడిసె గడపకు తగులును. నేలపై నున్న యిసుకయును పగడమునుండి పుట్టినదే. చిలుక ముక్కువంటి పండ్లుగల చేపలు నాచును గీకి తినుచు, దానితోగూడ మృతప్రవాళమును కొరికి, పిండిచేసి, తెల్లని యిసుకగా విడుచును. ఏ తిన్నెపై యాత్రికుడు చాపపరచుకొని పరుండునో ఆ తిన్నెలో గొంతభాగము చేపల కడుపునుండి వెడలినదని తెలిసిన నతడేమనునో!

త్రాగునీటి సంగతియు అంతియే. ఆ దీవులలో నదిలేదు, వాగులేదు. కురిసిన వాన ఇసుకలోనికి ఇంకి, క్రిందనున్న ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపై పలుచని పొరగా తేలియుండును. ఆ పొరయే బావులలోని నీరు. మితముగా తోడుకొన్నవారికి అది యక్షయపాత్ర. మితిమీరి తోడినచో క్రిందినుండి ఉప్పు పైకి వచ్చును. 2005లో కవరత్తిలో సముద్రపు లోతునీటి చల్లదనముతో దినమునకు ఒక లక్ష లీటర్ల మంచినీటిని తయారుచేయు యంత్రశాలను నెలకొల్పవలసివచ్చుటయే అచ్చటి నీటికరవునకు సాక్ష్యము. గట్టు కోసికొనిపోయి నేల సన్నగిల్లిన కొలదిని ఆ పొరయు సన్నగిల్లును. కావున నేల, నీరు, గోడ అను మూడు మాటలు లక్షదీవులలో ఒక్క వస్తువునకే పేరులు.

నాలుగవది జీవనము. అచ్చటి ప్రజలకు కొబ్బరియు చేపయు రెండు చేతులు. మినికాయ్ దీవివారు తరతరాలుగా సూర చేపను, అనగా ట్యూనాను, వలవేయకయే గాలపు బద్దతో ఒక్కొక్కటిగా పట్టుచున్నారు. మడుగున పగడముల మాటున తిరుగు చిన్నచేపలను ముందుగా బ్రదికియుండగనే పట్టి తెచ్చి, సముద్రమున చల్లి, పైకి లేచిన సూరలను బద్దలతో లాగి పడవలో పడవైతురు. ఈ పద్ధతి పిమ్మట తక్కిన దీవులకును ప్రాకినది. పట్టినదానిని ఉడికించి, పొగవేసి, ఎండబెట్టి మాస్‌మీన్ అను పేర అమ్ముదురు. ఇందు తగని చేప వలలో చిక్కుట అరుదు. సముద్రపు అడుగు చెడదు. లోకమున నున్న చేపలవేటలలో ఇది నిర్దోషమైనవానిలో నొకటి. కాని ఎరచేప లేనిదే సూర లేదు. పగడము లేనిదే ఎరచేప లేదు. ఇంటి కుండలో కూడు ఉడుకుట సైతము ఆ గోడపైనే ఆధారపడియున్నది.

ఇట్టి గోడను కన్నులార చూచు విద్య మన కాలమున సులభమైనది. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ అను నిరువురు కనిపెట్టిన సాధనము వలన మనుష్యుడు వీపున గాలిబుడ్డి కట్టుకొని నీటిలో చేపవలె స్వేచ్ఛగా తిరుగ గలుగుచున్నాడు. దీనినే స్కూబా మునుక యందురు. పది మీటర్లు దిగిన ప్రతిసారియు ఒక వాయుమండలపు బరువు అదనముగ మీదపడును. దిగినకొలది మొదట ఎరుపు మాయమగును; నెత్తురు సైతము నల్లగా కనబడును. పైకివచ్చునపుడు ఊపిరి బిగబట్టుట ప్రాణాపాయము. త్వరపడుట అంతకు తక్కువది కాదు. నెమ్మదిగా దిగి, నెమ్మదిగా చూచి, నెమ్మదిగా రావలెను. ఆ విద్యయే మనుష్యునకు వినయము నేర్పుచున్నది.

దిగినవానికి కనబడునదేమి? కొమ్ములు కొమ్ములుగా, గుండ్లు గుండ్లుగా, బల్లలవలె పరచుకొన్న పగడములు. విషపు చేతులు చాచు సముద్రపుష్పపు ఒడిలో నిర్భయముగ నాడు చిన్న నారింజ చేపలు. నోరు తెరచుకొని కూర్చున్న పెద్ద ముత్యపుచిప్పవంటి రాక్షసిచిప్ప. బండసందున రంగులు మార్చుకొను అష్టపాదము. ఇతర చేపల చర్మమునంటిన పురుగులను ఏరితిని జీవించు చిరుచేప. దానియెదుట వరుసగా నిలుచు పెద్దచేపలు. పైన రెక్కలార్చు పక్షివలె ఈదు తిరండిచేప. గడ్డిమేయు ఆవువలె సముద్రపు గడ్డిని కొరుకు పచ్చతాబేలు. ఇది బొమ్మలకొలువు గాదు. ప్రతివానికి నొక్క పనిగల ఊరు. నాచు తిను చేప పని మానినచో నాచు పగడమును కప్పివేయును. పెద్దచేప లేనిచో చిన్నవాని లెక్క తప్పును. ఒకని పని చెడిన ఊరంతయు చెడును.

ఈ యూరు నేడు జబ్బుపడియున్నది. నీటివేడి మామూలు వేసవి మితికంటె ఒక్క డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచినచో పగడమునకును దాని అతిథులకును కాపురము చెడును. పగడము శైవలములను వెళ్ళగొట్టును. రంగు పోయి, తెల్లని యెముక క్రింద కనబడును. దీనినే పగడము తెల్లబారుట యందురు. వెంటనే అది చావదు. ఆకలితో కొన్నాళ్ళు కాచుకొని యుండును. వేడి త్వరగా తగ్గిన కోలుకొనును, తగ్గనిచో చచ్చును. లక్షదీవులకు ఈ దెబ్బ 1998లో తగిలినది, 2010లో తగిలినది, 2016లో తగిలినది, 2024లో మరల తగిలినది. 2024 ఏప్రిలులో, లోకమంతటను పగడములు తెల్లబారుట ఇది నాలుగవ పర్యాయమని శాస్త్రజ్ఞులు చాటిరి.

మైసూరునందలి నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రజ్ఞులు అగత్తి, కడమత్, కవరత్తి దీవులవద్ద 1998 మొదలు 24 యేండ్లు లెక్క వ్రాసికొనుచు వచ్చిరి. మొదట సముద్రపు అడుగున నూటికి సుమారు 37 పాళ్ళు బ్రదికియున్న పగడము 2022 నాటికి నూటికి 20 పాళ్ళకు లోబడినది. అనగా సగమునకు దగ్గరగ పోయినది. దెబ్బకును దెబ్బకును నడుమ ఆరేండ్లు ఊపిరి దొరికినచోట అది చురుకుగా తిరిగి పెరుగ జూచినదనియు వారు చెప్పుచున్నారు. ఊపిరి దొరకుటయే కష్టమగుచున్నది. 1998కిని 2010కిని నడుమ 12 యేండ్లు. 2010కిని 2016కిని నడుమ 6 యేండ్లు మాత్రమే. పురాణములలో శాపమునకును గడువుండును. ఈ తాపమునకు గడువు కుదించుకొనిపోవుచున్నది.

ఇది ఎక్కడనో జరుగు వింత గాదు. బంగారం దీవి వలయమునకు చెందిన పరలి అను చిన్న దీవులలో నొకటి పూర్తిగ కోసికొనిపోయి సముద్రగర్భమున కలిసినదని 2017లో వెలువడిన పరిశోధన తెలిపినది. అది జనము లేని దీవి గనుక ఏడ్చినవారు లేరు. 36 అను లెక్కలో నొకటి తగ్గినది, అంతే. జనమున్న దీవికి ఆ గతి పట్టిననాడు మనము ఏ లెక్కలో వ్రాసికొందుము?

ఇచ్చట నొక యాక్షేపణ వినబడును. "లోకమంతయు బొగ్గును నూనెను కాల్చి వేడి పుట్టించుచుండగా ఆ చిన్న దీవులలో పడవలను ఆపి, విడుదులను ఆపి ప్రయోజనమేమి?" అని. ఇది రోగి జ్వరముతో నున్నాడు గనుక అతనిని కొట్టినను దోషము లేదనుటవంటిది. జ్వరము మన చేతిలో లేకపోవచ్చును. కొట్టకుండుట మన చేతిలోనే కలదు. నాచు తిను చేపలు నిండుగ నున్నచోట, నీరు తేటగ నున్నచోట, అడుగు చెదరనిచోట చచ్చిన పగడముపై క్రొత్త పిల్లపగడము నిలదొక్కుకొనుటకు అవకాశ మధికము. వేడి తెచ్చిన గాయమును మాన్పుకొను బలము పగడమునకు కలదు. గాయముపై గాయము మనము చేయకుండిన చాలును.

మనము చేయగల గాయములెవ్వి? నీటిలోనికి దిగువాడు నేర్పులేక కాలిరెక్కతో నొక్క తన్ను తన్నినచో కొమ్మపగడము విరుగును. కొమ్మజాతి యేడాదికి పది సెంటీమీటర్లు పెరుగవచ్చును గాని, గుండుజాతి యేడాదికి ఒక్క సెంటీమీటరైనను పెరుగుట కష్టము. మనుష్యుని యెత్తు పెరిగిన గుండు మన తాతముత్తాతలకంటె పెద్దది. అదరిన యిసుక పగడమును కప్పి ఊపిరి తిరుగనీయదు. పడవవాడు వేసిన లంగరు పది యేండ్ల పెరుగుదలను ఒక్క నిమిషమున పిండిచేయును. ఎండ తగులకుండ చర్మమునకు పూయు కొన్ని లేపనములలోని ద్రవ్యములు పగడపు పిల్లలకు విషమగుటచే పలావు దేశము 2020 మొదలు వానిని నిషేధించినది. ఇవన్నియు ఒక్కడు చేసిన స్వల్పము. వేలమంది చేసిన ప్రళయము.

అయినను మేము మునుకను నిషేధింపుమనుట లేదు. చూడనిదానిని మనుష్యుడు ప్రేమింపడు. నీటిక్రింద జరుగు హత్యను ఒడ్డున నున్నవాడు ఎరుగడు, మునిగినవాడే సాక్షి. మా వాదమెల్ల, ఆ సాక్షులు ఎందరు, ఎట్టివారు, ఎవరి యాజ్ఞకు లోబడి దిగవలెనన్నదే.

ఇతర దేశములు ఇందు మనకు పాఠములు చెప్పుచున్నవి. మలేషియాకు చెందిన సిపదాన్ అను దీవి సముద్రపు అడుగునుండి 600 మీటర్లు స్తంభమువలె లేచినది. మునుకకు లోకప్రసిద్ధము. దానిమీద కట్టిన విడుదులన్నిటిని 2004 కడపటికి ఖాళీ చేయించి, దినమునకు 120 మందికే అనుమతియని నిర్ణయించిరి. తరువాత సంఖ్యను కొంత పెంచినను హద్దును మాత్రము విడువలేదు. కరిబియన్ సముద్రములోని బొనేర్ దీవివారు 1979లోనే తమ తీరమును సంరక్షిత ప్రదేశముగా చేసికొని, 1992 మొదలు మునుగువారియొద్ద రుసుము తీసికొని ఆ రుసుముతోనే దానిని కాపాడుచున్నారు. క్రొత్తవాడు ముందుగా నియమములు విని, పరిచయపు మునుక మునిగి చూపినగాని స్వేచ్ఛగా దిగరాదు. థాయిలాండునందు మాయా అను సన్నని అఖాతము యాత్రికుల త్రొక్కిడిచే పాడుకాగా 2018లో దానిని మూసి, 2022 వరకు తెరువలేదు. అచ్చటి వ్యాపారులు మునిగిపోలేదు. పగడము తిరిగి తేరుకొనసాగినది. హద్దు పెట్టినవాడు చెడలేదు; పెట్టనివాడే పిమ్మట మూయవలసి వచ్చినది.

మరియొక పాఠము పొరుగుననే కలదు. మాల్దీవులలో యాత్రికుల విడుదులును రాజధానియు పుట్టించు చెత్తను వేయుటకు చోటులేక 1992 మొదలు తిలాఫుషి అను మడుగును చెత్తతో పూడ్చి దీవిని చేసిరి. పగడము వేలయేండ్లలో కట్టినది దీవి. మనుష్యుడు కొన్నియేండ్లలో కట్టినదియు దీవియే. రెంటికిని భేదము ముక్కున్నవాడెవ్వడైనను చెప్పగలడు. మన లక్షదీవుల మడుగులలో నీటిపై కొయ్యలు దిగవేసి విలాసపు విడుదులు కట్టు పథకములు కొన్ని యేండ్లుగా వెలువడుచున్నవి. మడుగు ఖాళీగ పడియున్న చోటు గాదు. అది యెరచేపల పురిటిల్లు, సముద్రపు గడ్డి బయలు, గట్టునకు కవచము. అందు కొయ్య దిగవేయుట చెరువు గర్భమున ఇండ్లు కట్టుటవంటిది. చెరువులలో కట్టిన యిండ్ల ఫలము వానకాలములో మన నగరవాసులు ఎరుగనిది గాదు.

చట్టము లేదా? కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు పగడములు చేర్పబడియున్నవి. పులికి గల రక్షణయే పగడమునకును కలదు. 2012లో సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ రవీంద్రన్ గారి సంఘము ప్రతి దీవికిని దాని బలాబలముల ననుసరించి ప్రణాళిక యుండవలెనని మార్గము చూపినది. 2020లో చెరియపాణి వద్ద సముద్రదోసకాయలకై ప్రత్యేకముగ నొక సంరక్షణక్షేత్రము ఏర్పడినది. అట్టిది లోకమున మొదటిదని ప్రకటించిరి. కావలసినది క్రొత్త శాసనము గాదు. ఉన్న శాసనమును పెట్టుబడిదారు ఎదుట నిలువబెట్టు వెన్నెముక.

ఇక ద్వీపవాసుల మాట. వారికి పని వలదా, ధనము వలదా, వైద్యము వలదా యని మమ్మడుగువారున్నారు. వలయును. అందుచేతనే మేమిట్లు వ్రాయుచున్నాము. గొప్ప విడుదిలో అల్పజీతమునకు పళ్ళెములు కడుగుట వారికి వచ్చు లాభమైనచో, వారి మడుగు, వారి నీరు, వారి చేప వెలగా పోవును. అట్లుగాక, పడవ వారిది, మునుక నేర్పు గురువు వారి బిడ్డ, రుసుము వారి పంచాయతిది, ఏ దిబ్బను ఎన్నాళ్ళు మూయవలెనో చెప్పు మాట వారిది అయినచో, అదియే స్వరాజ్యపు పద్ధతి. తాత సూరచేప జాడ తెలిసినవాడు. మనుమడు పగడపు నాడి తెలిసినవాడగును.

వారి మాట వినకపోయిన ఫలమునకు నొక యుదాహరణము. అగత్తి మడుగున చట్టపు రక్షణలోనున్న పచ్చతాబేళ్ళు మిక్కిలిగ చేరి సముద్రపు గడ్డిని మేసివేయుచుండగా, తమ చేప తగ్గినదని అచ్చటి జాలరులు మొరపెట్టిరి. వారిని తాబేటి ద్వేషులనుట సులభము. శాస్త్రజ్ఞులు మునిగి కొలిచి చూచిరి. గడ్డి బయళ్ళు నిజముగనే క్షీణించినవి. తాబేటిని చంపుమని కాదు దీని యర్థము. సముద్రముతో దినదినము బ్రదుకువాడు చెప్పు మాట శాస్త్రమునకు మొదటి పుట యని దీని యర్థము. దూరముననున్న కార్యాలయమున పటముపై గీత గీయువానికి ఈ మొదటి పుట అందదు.

కావున మా కోరికలు స్పష్టములు. పగడపు గోడపైనను మడుగులోను ఏ కట్టడమును కూడదు. ప్రతి మునుకచోటికిని దినమునకింత మందియని హద్దుండవలెను. నీటివేడి మితిమీరిన వారములలో ఆ చోటును మూసివేయవలెను. లంగరు వేయుట మాని పడవలు కట్టుటకు స్థిరమైన తేలుబుడ్డలను ఏర్పరుపవలెను. మునుగువారి రుసుము దీవి పంచాయతికే చేరి, దిబ్బను కాయుటకే వెచ్చింపబడవలెను. మునుక గురువులుగా ద్వీపయువకులనే తరిఫీదు చేసి, వారు దిగిన ప్రతిసారియు చూచినది వ్రాసియుంచునట్లు చేయవలెను. నలుబది మంది యువకులు పదియేండ్లు వ్రాసిన లెక్క ఏ విశ్వవిద్యాలయమునకైనను దొరకని నిధి. నాచు తిను చేపలను, దిబ్బనంటియుండు పెద్దచేపలను దూరపు అంగళ్ళకై పట్టుట నిలుపవలెను. సూరవేట సముద్రముననే సాగవలెను. ఇవి ధనముతో గాని యంత్రముతో గాని కాని పనులుగావు, మనసుతో కావలసినవి.

మన తెలుగు చదువరులకును ఇందు పాలు కలదు. సెలవులకు ఆ దీవులకు పోగలవారు మన పట్టణములలో నానాటికి హెచ్చుచున్నారు. ద్వీపవాసులు కానివారికి అచ్చటికి పోవుటకు అనుమతిపత్రము కావలెను. ఆ పత్రమును అడ్డుగా తలపక, గర్భగుడికి ముందు కాళ్ళు కడుగుకొను నీరుగా తలపవలెను. ఈత రానివాడు మొదట ఈత నేర్చుకొనవలెను. నీటిలో తేలి నిలుచు నేర్పు లేనివాడు పగడము దరికి పోరాదు. చేయి చాపరాదు, గుల్ల ఏరి తేరాదు, చేపకు రొట్టె వేయరాదు. పోవువాడు గాజుసీసాలు, ప్లాస్టిక్ సంచులు వెంట గొనిపోయి అచ్చటనే విడిచి రారాదు. 32 చదరపు కిలోమీటర్ల నేలలో చెత్తకు మూలలేదు. పోనివారికిని పని లేకపోలేదు. ఆ నీటిని వేడెక్కించు పొగలో మన పట్టణముల పొగయును కలసియున్నది. విశాఖలోను రామగుండములోను కాలిన బొగ్గు అగత్తి మడుగున లెక్కకు వచ్చును. గాలికి రాష్ట్రపు సరిహద్దులు లేవు.

భరతఖండపు పటమును గీయు బాలుడు తరచుగ ఆ దీవులను మరచిపోవును. గుర్తున్నను కలముతో నాలుగు చుక్కలు పెట్టి ముగించును. ఆ చుక్కలు చుక్కలుగా నిలిచియుండుట ఏ సైన్యము వలననో, ఏ గోడ కట్టిన ఇంజనీరు వలననో కాదు. గోరంతయైన ప్రాణులు పగలెల్ల ఎండను అన్నముగ చేసికొని, రేయెల్ల చేతులు చాచి, అడుగక అలయక కట్టుచున్న గోడ వలన. వాని కూలి మనము చెల్లింపలేదు, చెల్లింప జాలము. పని చెడగొట్టకుండుటయే మనము చెల్లింపగల కూలి. దేశమనగా మన్నే యని మురియువారు ఆ మన్నును కట్టినదెవరో యొక్కసారి విచారింతురు గాక. విచారించినవారు మొదట కావలికాండ్రయి, పిమ్మట యాత్రికులై ఆ దీవులకు పోవుదురని మా నమ్మకము.